బారు ఉన్నట్టా, లేనట్టా

మా ఇంట్లో పెన్ను ఎప్పుడూ ఎవరో ఒకరి జేబులో ఉండేది. నా చీరకు జేబు లేదు.

నాకు చదువు రాకపోవడానికి ఇంతకంటే పెద్ద కారణం కావాలంటే అదీ చెప్తాను. కోడూరు దగ్గర మా ఊళ్లో, చర్చి పక్కన ఉన్న బడిలో నన్నూ చేర్చారు. కానీ నా చంకలో తమ్ముడు ఉండేవాడు. వాడు ఏడిస్తే ఇద్దరినీ బయటికి పంపేవారు. వాడు రోజూ ఏడ్చేవాడు. వాడికి నడక వచ్చేసరికి చంకలోకి ఇంకొకడు వచ్చాడు. అలా నా చదువంతా గుమ్మం అవతలే అయిపోయింది. పెళ్లయి గుడివాడ వచ్చాను. మా ఆయనకు లారీ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. అక్కడ సంతకం ఆయనది, వేలిముద్ర నాది.

షెడ్డు మూసేసి బందరు వచ్చిన ఏడాది, చర్చిలో స్త్రీల కూటం నడిపే ఆవిడ నా చెవి దగ్గరికి వచ్చి, "అమ్మా, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారు" అంది. నలుగురిలో అని ఉంటే కోపం వచ్చేది. చెవిలో చెప్పింది కాబట్టి సిగ్గేసింది. అప్పటికి నాకు యాభై ఎనిమిది. ఆవిడ దగ్గరే పలక పట్టాను.

అక్షరాలు వచ్చిన ఆరు నెలలకు, ఇంకొకరి కోసం నేను మొదటిసారి ఏదైనా రాశానంటే అది ఉత్తరం కాదు, ప్రార్థన కాదు. ఒక స్పోర్ట్స్ కారు సంగతి.

ఆ కారు మా మేనల్లుడిది. చంకలో ఏడ్చిన తమ్ముడి కొడుకే వీడు. అవనిగడ్డలో ఒక కాలేజీలో లెక్కలు చెప్తాడు, ఉండేది మా పుట్టింటి ఊళ్లోనే. ఎవరి దగ్గరో పాత కారు కొన్నాడు. ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు గుడ్డది. గుడ్డను మడిచి వెనక్కి తోసేస్తే ఆకాశం మన మీద పడుతుంది. మొదటిసారి నన్ను ఎక్కించుకుని వీధిలో వెళ్తుంటే మా పక్కింటి ఒదిన అరుగు మీద నుంచి పలకరించింది.

"ఏం ఒదినా, పైకప్పు వేసేలోపే డబ్బులైపోయాయా మీవాడికి?"

"ఎండకి ఆరబెట్టడానికి తీసుకెళ్తున్నాడు నన్ను" అన్నాను.

కారు కడుపు నేలకు జానెడు కూడా ఎత్తు లేదు. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా, "అత్తయ్యా, ఒక్కసారి దిగవా" అనేవాడు. దిగేదాన్ని. కారు దాటేది. మళ్లీ ఎక్కేదాన్ని. కోడూరు వెళ్లి వచ్చేలోపు స్పోర్ట్స్ కారులో నేను చాలా దూరం నడిచాను.

ఇంత సుఖం చాలక వాడికి ఇంకో కోరిక పుట్టింది. ఆ కారు మలుపుల్లో ఒళ్లు మెలి తిప్పుకుంటోందట. దానికి మందు ఒక ఇనప బారు. బానెట్ ఎత్తితే ముందు చక్రాల పైన అటొకటి ఇటొకటి గుండ్రటి గుబ్బలు కనపడతాయి. అవి షాక్ అబ్జార్బర్ల తలలు. ఆ రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక గొట్టం బిగిస్తే బాడీ బిగుసుకుని, కారు స్టీరింగ్ చెప్పిన మాట వింటుందని వాడు ఫోన్‌లో వీడియోలు చూసి తెలుసుకున్నాడు. దాన్ని చేసి పెట్టమని బందరు వచ్చి మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన నవ్వారు. "నలభై ఏళ్లు లారీలకి బాడీలు కట్టానురా. ఛాసీ మీద బాడీని ఎప్పుడూ బిగదీసి కొట్టం. మధ్యలో చెక్క పెడతాం, యు బోల్టులు వేస్తాం. ఎందుకు? గతుకులో ఛాసీ కాస్త మెలి తిరగాలి. తిరగనివ్వకపోతే వెల్డింగ్ దగ్గర పగులుతుంది."

"అది లారీ మావయ్యా. ఇది స్పోర్ట్స్ కారు. దీనికి పైకప్పు కూడా లేదు."

"ఎవడు తీసెయ్యమన్నాడు?"

వాడు చుట్టూ చూసి, తాను తెచ్చిన బందరు లడ్డూల పెట్టె అందుకున్నాడు. లడ్డూలు నా పళ్లెంలోకి వంచాడు. ఖాళీ అట్టపెట్టెకు మూత పెట్టి రెండు చేతులతో మెలిపెట్టాడు. పెద్దగా కదల్లేదు. మూత తీసి మెలిపెట్టాడు. పెట్టె గుడ్డలా వంకర తిరిగింది. తర్వాత పెట్టె లోపల అడ్డంగా ఒక పుల్ల ఇరికించి మళ్లీ మెలిపెట్టాడు. కొంచెం తక్కువ తిరిగింది.

మా ఆయన పెట్టె లాక్కుని తనే నాలుగుసార్లు మెలిపెట్టి చూశారు. ఆ సాయంత్రమే వరండాలో గోనెపట్టా కింద ఉన్న వెల్డింగ్ మిషన్ బయటికి తీశారు.

ఆ మిషన్ సంగతి కొంచెం చెప్పాలి. షెడ్డు మూశాక మిగిలింది అదొక్కటే. లారీ బాడీలు ఇప్పుడు కంపెనీల్లోనే తయారై వస్తున్నాయి. పైగా ఆయనకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. నాగాయలంక వైపు రొయ్యల చెరువుల్లో యంత్రాలు బాగుచేసే ఒకాయన ఆ మిషన్ తనకిమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నాడు. మా ఆయన ఔననలేదు, కాదనలేదు. అలా ఏమీ అనకుండా కూర్చోలేక వంటింట్లోకి వచ్చేవారు. నేను బెండకాయలు తరిగితే ముక్కలన్నీ ఒక కొలతలో లేవని టేపు తెచ్చి పెట్టి చూపించారు ఒకరోజు. దోసెల పెనం సమంగా లేదని పొయ్యి కింద చెక్క పెట్టారు. ఆ వారం దోసెలు బాగానే వచ్చాయి, నా మనసే బాగాలేదు.

బారు చేసిన పది రోజులూ ఆయన వంటింటి గడప తొక్కలేదు. గొట్టం కోశారు, కొలిచారు, మళ్లీ కోశారు. చివర్ల ప్లేట్లకు కంతలు వేశారు. పనిచేస్తూ చర్చి పాటలు ఈల వేశారు. రాగాలు తప్పినా నేను దిద్దలేదు. పూర్తయ్యాక అతుకును వేలితో తడిమి చూసుకుని, కళ్లజోడు పెట్టుకుని చూసి, కళ్లజోడు తీసి మళ్లీ తడిమారు.

వాడు వచ్చి బిగించుకుని బైపాస్ మీద ఒక చుట్టు తిరిగి వచ్చాడు. "మావయ్యా, కారు మారిపోయింది. పట్టాల మీద రైల్లా తిరుగుతోంది" అన్నాడు.

"నేను చెప్పలా" అన్నారు మా ఆయన, చెప్పింది సరిగ్గా దీనికి ఎదురే అయినా.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాకే నోరు ఊరుకోలేదు. "బారు లేకుండా తోలినా వీడు ఇదే మాట అంటాడేమో" అన్నాను. ఎందుకన్నానంటే, కళ్లాసుపత్రిలో నేను ఒకటి చూశాను. ఆపరేషన్ అయ్యాక మా ఆయన్ని కూర్చోబెట్టి ఫ్రేములో అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా" అని అడిగింది అక్కడి అమ్మాయి. ఒకసారి అద్దం తీసినట్టే తీసి, అదే అద్దం మళ్లీ పెట్టింది. మా ఆయన, "ఆ, ఇదే ఇప్పుడు శుభ్రంగా ఉంది" అన్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను.

ఈ సంగతి చెప్పగానే మా ఆయన మొహం మారింది. నెమ్మదిగా అన్నారు.

"అలాగే చూద్దాం. వాడికి తెలియకుండా బారు పెడతాను, తీస్తాను. మలుపులో తేడా వాడికి తెలిసిందా, మిషన్ ఇంట్లో ఉంటుంది, ఇంకా చేస్తాను. తెలియలేదా, నాగాయలంక ఆయన్ని వచ్చి పట్టుకెళ్లమంటాను. పనికిరాని పనులు చేసే వయసు కాదు నాది."

అప్పుడు నాలుక కరుచుకున్నాను. ఆ మిషన్ వెళ్లిపోతే టేపు మళ్లీ వంటింట్లోకి వస్తుంది. అది నవ్వులాట మాట. అసలు మాట ఏమిటంటే, ఆ పది రోజులూ ఆయన ఈల విన్నాను కదా, అది ఆగిపోతుంది.

పరీక్ష మా పుట్టింటి ఊళ్లో పెట్టాం. రొయ్యల చెరువుల మధ్య గట్టు రోడ్డు ఉంది. దానికి రెండు మలుపులు, మధ్యలో ఒక చిన్న తూము, దాని మీద కాస్త ఎత్తు. మొదటి మలుపు ముందు మా ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన గోనెసంచి, చేతిలో పానా. బానెట్ ఎత్తితే స్టీరింగ్ ముందున్న వాడికి ఏమీ కనపడదు. బారు ఉంచినా, తీసి సంచిలో వేసినా ఆయన నట్లన్నీ విప్పి బిగించాలి, చప్పుడు ఒక్కలాగే రావాలి. బానెట్ మూసి పక్కకు వచ్చేటప్పుడు కండువా కుడి భుజం మీద ఉంటే బారు పెట్టినట్టు, ఎడమ మీద ఉంటే విప్పినట్టు. ఆ గుర్తు మా ఇద్దరికే తెలుసు.

రాసే పని నాకు వచ్చింది. మా ఆయన చేతులకు గ్రీజు, వాడి చేతుల్లో స్టీరింగ్. రెండో సీటు ఎలాగూ నాదే.

"అత్తయ్యా, నిజంగా రాయగలవా? కావాలంటే ఫోన్‌లో మాట్లాడి రికార్డు చెయ్యి."

"నీ బడాయిలు రికార్డు చెయ్యడానికి ఫోన్ చాలదురా. నువ్వు తోలు."

నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, బారు పెట్టినదానికి ప, విప్పినదానికి వ అనుకున్నాను. గుణింతాలు అప్పటికి నాకు ఇంకా తడబాటే. ముందు వరసలో నిజం, పక్క వరసలో వాడు చెప్పింది. ఎనిమిదిసార్లు తిరిగాం. బండి వేగం నలభై దాటలేదు, గేదెలు దాటనివ్వలేదు. ప్రతిసారీ మలుపులో ఉండగానే వాడు తీర్పు చెప్పేసేవాడు. మధ్య మధ్య నా మొహం చూసేవాడు.

"నన్ను చూడకురా, రోడ్డు చూడు. నా మొహం మీద ఏమీ రాసి లేదు."

ఐదోసారి అయితే వాడికి పూనకం వచ్చినంత పనైంది. "ఇదిగో అత్తయ్యా, ఇప్పుడు చూడు. అతుక్కుపోయి తిరుగుతోంది. ఇది బారు కాకపోతే నా పేరు మార్చుకుంటా." కండువా ఎడమ భుజం మీద ఉంది. బారు సంచిలో ఉంది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడోసారి, "ఇప్పుడు లేదు, ముందు భాగం వదులైపోయింది, తెలిసిపోతోంది" అన్నాడు. కండువా కుడి భుజం మీద ఉంది, బారు ఆరు నట్లతో బిగించి ఉంది.

ఎనిమిదీ అయ్యాక ముగ్గురం కారు బానెట్ మీద పుస్తకం పరిచాం. అక్కడ తెలిసింది నా చదువు ఎంతో. ప ఎడమవైపు విడిగా ఉండాలి, వ అక్కడ చిన్న ముడి వేసుకోవాలి. కారు ఆగి ఉన్నప్పుడు రాసిన మొదటి వరస అలాగే ఉంది. కదులుతున్నప్పుడు రాసిన రెండో వరసలో మూడు చోట్ల ప ముడి పడింది, వ ముడి విడిపోయింది. ఏది ఏదో ఎవరైనా ఎలాగైనా చదువుకోవచ్చు.

వాళ్లిద్దరూ చదువుకున్నారు.

"రెండోది వ. విప్పారు, నేను విప్పారనే అన్నాను, కరెక్టే" అన్నాడు వాడు.

"ఐదోది కూడా వ లాగే ఉంది" అన్నారు మా ఆయన, పుస్తకాన్ని దూరంగా పట్టుకుని.

"ఏడోది ప. చూశావా మావయ్యా. ఎనిమిదిలో ఏడు."

"ఏడు. మూడోది ఒక్కటే తప్పావు. అప్పుడు గేదె అడ్డం వచ్చిందిలే."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నాకూ అదే కావాలి. ఊరుకుంటే చాలు, మిషన్ ఇంట్లో ఉంటుంది. కానీ ఒకటి మనసుకు పట్టలేదు. యాభై ఎనిమిదేళ్లు కాగితం మీద ఏముందో ఇంకొకరు చదివి చెప్తే, ఔనని వేలు నొక్కాను. ఇప్పుడు నేను రాసిన కాగితాన్ని కూడా నాకే చదివి చెప్తున్నారు.

"ఐదోది ప" అన్నాను.

"వ లా ఉందే" అన్నారు ఆయన.

"ఎలా ఉన్నా అది ప. పేరు మార్చుకుంటానన్నాడు, అది నేనెలా మర్చిపోతాను. రెండోది కూడా ప అనే అన్నాడు. ఏడోది వ. ఈ మూడూ తప్పే. ఎనిమిదిలో నాలుగు."

వాడు ఎంతైనా లెక్కలు చెప్పేవాడు కదా, "నాలుగంటే బొమ్మాబొరుసూ వేసి చెప్పినట్టే" అని ఒప్పుకున్నాడు. వెంటనే సర్దుకున్నాడు. "అయినా అత్తయ్యా, నలభైలో ఏం తెలుస్తుంది? రేస్ ట్రాక్ మీద టైరు జారేదాకా తోలితే అప్పుడు తేలుతుంది బారు సంగతి."

"మనకు ట్రాక్ లేదు, చెరువుంది. టైరు జారితే రొయ్యలతో పాటు తేలతాం."

మా ఆయన నవ్వలేదు. పుస్తకం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "ఈ చుక్కలేంటి?" అన్నారు.

నన్ను ఎవరూ అడగకపోయినా పెట్టిన చుక్కలవి. తూము మీద కారు ఎగిరినప్పుడు నా పక్క తలుపు కిర్రుమనేది. కిర్రుమన్నప్పుడల్లా ఆ గీత పక్కన చుక్క పెట్టాను. చుక్క పెట్టడానికి గుణింతం అక్కర్లేదు. బారు లేని నాలుగుసార్లలో మూడు చుక్కలున్నాయి. ఐదోసారి కిర్రుమందో లేదో నాకు తెలియదు, నవ్వాపుకునే పనిలో ఉన్నాను. బారు ఉన్న నాలుగుసార్లలో ఒక్క చుక్కే ఉంది.

ఆయన లేచారు. బాడీ మెలి తిరిగేలా ఒక చక్రం కింద ఇటుక పెట్టి కారు ఎక్కించమన్నారు. తలుపు తీశారు, వేశారు, సందులో గోరు పెట్టి చూశారు. బారు తీసి మళ్లీ అంతా చేశారు. వెంట్రుకవాసి తేడా ఉందన్నారు. వాడికీ ఉందట. నేనూ వంగి చూశాను, నాకు తలుపే కనపడింది.

"బాడీ బిగిసింది, నిజమే" అన్నారు చివరికి. "కిర్రు తగ్గింది. గతుకులో ఒళ్లు కొంచెం తక్కువ కదులుతుంది. మలుపు తిరగడంలో మాత్రం వీడి చేతికి తేడా తెలియలేదు."

"అదీ ఒక ఉపయోగమే కదండీ" అన్నాను.

"నేను మాట అన్నది మలుపు గురించి. తలుపు గురించి కాదు."

"మావయ్యా, నాకైతే కిర్రు తగ్గడమే చాలు" అన్నాడు వాడు. ఆ మాటలో బడాయి లేదు. మా ఆయన వాడి భుజం మీద చెయ్యి వేశారు గానీ, ఫోన్ తీసి నాగాయలంక ఆయనకు చేశారు. "రేపు పొద్దున రండి, ఎనిమిదింటికి. మిషన్ తీసుకెళ్దురు గాని."

బందరు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. పులిగడ్డ వంతెన దాటాక, "నీ ప కి తలకట్టు సరిగ్గా పెట్టడం నేర్చుకో" అన్నారు.

"మీరు దిద్దుతానంటే ఇవాళ్టి నుంచే నేర్చుకుంటాను" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ దారంతా నేను పశ్చాత్తాపపడుతూనే ఉన్నాను. మూడు అక్షరాలు. కళ్లు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ మళ్లీ రాయమన్నా అవే రాస్తానని కూడా తెలుసు.

మర్నాడు పొద్దున్నే ఆరింటికి లేచాను. ఆయన పళ్లు తోముకోవడానికి పెరట్లోకి వెళ్లారు. మా వీధి గేటు ఒకటి ఉంది. సన్న గొట్టాలతో ఎవరో చేసిన పాత గేటు, ఇంటితో పాటు వచ్చింది. ఒక పక్క కుంగి, గడియ వైపు నేలకు రాసుకుంటుంది. అటు మూల నుంచి ఇటు మూలకు ఏటవాలుగా ఒక పట్టీ లేకపోవడమే దాని జబ్బు. రోజూ మోకాలితో ఎత్తి మూయడం నాకు అలవాటైపోయి, ఎప్పుడూ అడగలేదు.

మిషన్ మీది గోనెపట్టా తీసేశాను. మిగిలిన గొట్టం ముక్కలు తెచ్చి గేటుకు ఆనించాను. నా పలక దగ్గరి సుద్దముక్క తీసుకుని గేటు గొట్టాల మీదుగా ఒక మూల నుంచి ఇంకో మూలకు, పట్టీ ఎలా వెయ్యాలో గుర్తులు పెట్టాను. పక్కన స్తంభం మీద పెద్ద అక్షరాలతో "ఇక్కడ అతకాలి" అని రాశాను. తలకట్లు జాగ్రత్తగా పెట్టాను.

షెడ్డు పక్కన ముప్పై ఐదేళ్లు ఉన్నదాన్ని. ఆ పట్టీ స్తంభం వైపు కింది బందు దగ్గర మొదలై పైన గడియ మూలకు వెళ్లాలని నాకు తెలుసు. నేను రెండో వైపు గీశాను. కాగితం మీద చెయ్యలేని పని గేటు మీద చేశాను. తప్పు గీత కళ్ల ముందు కనపడుతుంటే ఆయన ఎనిమిదింటి దాకా ఊరికే కూర్చోగలరేమో చూద్దామని.

సుద్ద చేతులు కొంగుకు తుడుచుకుని, లోపలికి వెళ్లి టీ పెట్టాను.